‘నేను పోయినంక వీనికి బువ్వ ఎవలు పెడ్తరు?’

బుద్ధిమాంద్యం గల పిల్లలు నడివయసుకు వచ్చారు. కన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. తరువాతి సంగతి ఏ ఇంట్లోనూ తేలలేదు.

కోరుట్ల (మా విలేకరి): పొద్దున ఏడు గంటలకే ఆ ఇంటి అరుగు మీద పని మొదలవుతుంది. డెబ్బై దాటిన తల్లి చాట ఒడిలో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంది. తంబాకు నింపి బీడీ చుడుతుంది. పక్కనే నలభై ఆరేళ్ల కొడుకు కూర్చుంటాడు. అతనికి లెక్క రాదు. తల్లి ఇరవై అయిదు లెక్కపెట్టి చేతికిస్తే దారం చుట్టి గంపలో వేస్తాడు. దారం తెగితే ఏడుస్తాడు. మధ్య మధ్య “తమ్ముడు ఎప్పుడస్తడే అవ్వా?” అని అడుగుతాడు. తమ్ముడు పన్నెండేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. “పండుగకస్తడు బిడ్డా” అని తల్లి ప్రతిసారీ అదే జవాబు చెబుతుంది.

కోరుట్ల మండలంలోని ఒక పల్లెలో కనిపించిన దృశ్యం ఇది. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు. తండ్రి నాలుగేళ్ల కిందట కాలం చేశాడు. బిడ్డను సిరిసిల్లకు ఇచ్చారు. అల్లుడు సాంచెల మీద పని చేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. దుబాయి కొడుకు భార్య, ఇద్దరు పిల్లలు అదే వాకిట్లో పక్క అర్రల్లో ఉంటున్నారు. తిండికి మరీ లోటున్న ఇల్లు కాదు. అయినా ఆ తల్లికి రాత్రిళ్లు నిద్ర పట్టదు.

“నాకన్న ఒక్క దినం ముందుగాల వాడు పోతే చాలు బిడ్డా. దేవున్ని ఇంకేం అడుగ” అన్నది. ఈ మాట ఈ విలేకరి ఇదివరకే మరో మూడిళ్లల్లో విన్నాడు. ఒక ఇంట్లో తండ్రి అన్నాడు. కన్నవాళ్ల నోట ఇట్లాంటి మాట రావడం మమత తక్కువై కాదు. తరువాత ఏమిటన్నది ఏర్పాటు కాలేదు గనుకనే. జపానులో ఈ బాధకు ఒక పేరే ఉన్నదట. ‘తల్లిదండ్రులు పోయిన తరువాత’ అని అర్థం వచ్చే మాటను అక్కడి కుటుంబాలు, అధికారులు సర్వసాధారణంగా వాడతారు. మన దగ్గర పేరు లేదు. బాధ మాత్రం ఉంది.

ఇది కొత్త సమస్య

ఇట్లాంటి మనుషులు మన ఊళ్లల్లో ఎప్పుడూ ఉన్నారు గదా, ఇప్పుడే ఏం వచ్చింది అని పెద్దలు అడుగుతున్నారు. అడగవలసిన మాటే. మొదటి సంగతి, వారు ఇదివరకటిలా చిన్నతనంలోనే పోవడం లేదు. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే స్థితినే తీసుకుందాం. ఏటవాలు కళ్లు, గుండ్రటి ముఖం, నెమ్మదైన మాట గల ఇట్లాంటి పిల్లలను మనం చాలా ఊళ్లల్లో చూస్తాం. అమెరికాలో 1983 ప్రాంతంలో వీరి సగటు ఆయుష్షు 25 ఏళ్లు ఉండేది. ఇప్పుడు 60 దాకా వచ్చింది. మన దగ్గర కూడా టీకాలు, మందులు వచ్చాక జ్వరానికో నెమ్ముకో బలయ్యే పిల్లలు బతికి బట్టకట్టారు. సంతోషించవలసిన విషయమే. కాని కొడుకుకు యాభై వచ్చేనాటికి తల్లికి డెబ్బై అయిదు వస్తుంది గదా.

రెండో సంగతి పని. ఒకప్పుడు ఇట్లాంటి మనిషి ఊళ్లో పశులు కాసేవాడు. పటేలు ఇంట్లో జీతం ఉండేవాడు. పొయ్యిలోకి కట్టెలు తెచ్చేవాడు. తిండికి చాకిరీ అది, గొప్ప బతుకేమీ కాదు. దెబ్బలూ తిన్నారు. అయినా పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు ఉండేది, ఊరంతా అతణ్ణి ఎరిగి ఉండేది. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, కోత మిషను వచ్చింది, మంద పోయింది. అతను అరుగు మీద కూర్చున్నాడు.

మూడోది అందరికీ తెలిసిందే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటికొకరు గల్ఫ్ బాట పట్టారు. సిరిసిల్ల వాళ్లలో ఎందరో సాంచెలను నమ్ముకుని భీవండికి, షోలాపూరుకు పోయారు. నలుగురు అన్నదమ్ములు ఒక్క వాకిట్లో ఉన్న రోజుల్లో ఒక మనిషి బరువు ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు వాకిట్లో మిగిలేది ముసలి తల్లి, ఒక కోడలు.

పద్దెనిమిది నిండితే తల్లి కూడా పరాయిదే

పై కుటుంబానికి రెండెకరాల భూమి ఉంది. తండ్రి పేరు మీద ఉన్న పట్టా వారసుల పేరిట మారాలి. తల్లి, ఇద్దరు కొడుకులు, బిడ్డ వారసులు. పెద్ద కొడుకు వేలిముద్ర వేస్తాడు, కాని తాను దేనికి వేస్తున్నాడో అతనికి తెలియదు. “నేను కన్నతల్లిని గదా, వాని బదులు నేనే ఏస్త” అని ఆమె అనుకుంది. చాలామంది అనుకునేదీ ఇదే. చట్టం ప్రకారం ఇది నిజం కాదు.

పద్దెనిమిదేళ్లు నిండేదాకానే తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. నిండిన మరునాడు, బుద్ధి అయిదేళ్ల పిల్లవాడిదే అయినా, చట్టం దృష్టిలో అతను మేజరు. అతని తరఫున సంతకం చేసే హక్కు తల్లికి లేదు, అన్నకు అసలే లేదు. అట్లాగని అతను స్వయంగా చేసిన ఒప్పందం చెల్లుతుందా అంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం సంగతి అర్థం చేసుకోలేని మనిషి చేసిన ఒప్పందం చెల్లదు. రెంటికీ మధ్య అతని వాటా గాలిలో వేలాడుతుంది. తల్లి బతికున్నంత కాలం ఊళ్లో ఎవరూ అడగరు గనుక సాగిపోతుంది. ఆమె పోయిన నాడు ఒకేసారి అన్నీ బయటపడతాయి.

అసలు అతనికి వాటా ఉందా అని కూడా కొందరికి అనుమానం. ఈ అనుమానానికి మూలం లేకపోలేదు. 1928లో వచ్చిన ఒక చట్టం రోగాలు, అంగవైకల్యం ఉన్నవారికి ఆస్తి హక్కు ఇస్తూనే, పుట్టుకతో బుద్ధి లేనివారిని మాత్రం పక్కన పెట్టింది. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ అడ్డు తీసేసింది. రోగం, లోపం, అంగవైకల్యం ఏ కారణం చేతనైనా వారసత్వం పోదని ఆ చట్టం 28వ సెక్షను చెబుతోంది. అంటే 1956 నుంచీ ఉన్న హక్కు ఇది. అయినా పంచాయితీల్లో “వానికెందుకు భూమి, బువ్వ పెడితే సాలదా?” అనే మాట నేటికీ వినిపిస్తుంది.

ఈ చిక్కు తీర్చడానికి 1999లో కేంద్రం ‘నేషనల్ ట్రస్టు’ చట్టం తెచ్చింది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగు రకాల వారికి ఇది వర్తిస్తుంది. మతిస్థిమితం తప్పిన వారికి వర్తించదు. ఈ తేడా మన వాళ్లు గుర్తించాలి. బుద్ధిమాంద్యం పుట్టుకతోనో పసితనంలోనో వచ్చే స్థితి. మతి తప్పడం జబ్బు, దానికి వేరే చట్టం, వేరే వైద్యం ఉన్నాయి. ఊళ్లో ఇద్దరినీ ఒకే పేరుతో పిలుస్తాం. ఆ పేరు ఇక్కడ రాయనవసరం లేదు.

ఈ చట్టం కింద జిల్లాకొక స్థానిక కమిటీ ఉంటుంది. జిల్లా కలెక్టరు అధ్యక్షులు. ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వికలాంగులలో ఒకరు సభ్యులు. మూడు నెలలకు ఒకసారైనా, లేదా అవసరాన్ని బట్టి కమిటీ కూర్చోవాలి. పద్దెనిమిది నిండిన మనిషికి సంరక్షకుణ్ణి, అంటే గార్డియన్‌ను నియమించే అధికారం ఈ కమిటీది. కోర్టుకు పోనక్కరలేదు, వకీలు అక్కరలేదు. తల్లి తననే గార్డియన్‌గా నియమించమని అడగవచ్చు. తన బదులు తనకు నచ్చిన మరొకరిని నియమించమని కూడా అడగవచ్చు. డెబ్బై దాటిన తల్లి తన పేరు పెట్టుకుంటే ఆమె తరువాత కథ మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి రెండో దారే మేలని ఈ విలేకరికి తోస్తున్నది.

గార్డియన్ అయితే ఆస్తి తినేస్తాడేమో అనే భయం ఉంది. చట్టం దీనికి కొంత కాపలా పెట్టింది. నియమించిన ఆరు నెలల్లోపు ఆ మనిషి ఆస్తి, అప్పు, రావలసినవి అన్నీ జాబితా రాసి కమిటీకి ఇవ్వాలి. ఏటా మార్చి ముగిసిన మూడు నెలల్లోపు లెక్క చూపాలి. సరిగా చూడకపోయినా, కొట్టినా, సొమ్ము కాజేసినా తల్లిదండ్రులు గానీ బంధువు గానీ నమోదైన సంస్థ గానీ ఫిర్యాదు చేయవచ్చు. విచారించి కమిటీ అతణ్ణి తొలగించవచ్చు. కాగితం మీద కాపలా ఇది. లెక్క అడిగే బంధువు ఒకడుంటేనే కాపలా నిలుస్తుంది.

ఆడపిల్ల విషయంలో ఒక నియమం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మగవాడు ఒక్కడే ఆమెకు గార్డియన్ కాలేడు. అతని భార్య కూడా తోడు గార్డియన్‌గా ఉండాలి. అన్న పేరు రాస్తే వదినె పేరూ రాయాలన్నమాట. ఆ పిల్లకు తలంటు పోసేది, నెలసరి నాడు చూసుకునేది వదినే గదా. ఇంట్లో ఎవరూ పైకి అనని మాటను చట్టం కాగితం మీద పెట్టింది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. ఆ మనిషి బదులు మొత్తం మనమే నిర్ణయించడం కాదు, అతనితో మాట్లాడి, అతని ఇష్టం తెలుసుకుని కలిసి నిర్ణయించాలని ఆ చట్టం భావం. అరుగు మీద కొడుకును “నీకు అక్క దగ్గర ఉంటవా, వదినె దగ్గర ఉంటవా?” అని ఎవరైనా అడిగారా అని ఈ విలేకరి అడిగితే తల్లి ఆశ్చర్యపోయింది. “వాణ్ని అడుగుడా?” అన్నది.

రెండు జిల్లాల చిక్కు ఒకటుంది. 2016 అక్టోబరు 11 దాకా కోరుట్ల, సిరిసిల్ల రెండూ కరీంనగర్ జిల్లావే, ఒకే కలెక్టరు. ఇప్పుడు తల్లీకొడుకులు జగిత్యాల జిల్లాలో, చూస్తానంటున్న అక్క రాజన్న సిరిసిల్ల జిల్లాలో. కొడుకు ఉంటున్న జిల్లాలో, అంటే జగిత్యాలలో అర్జీ పెట్టాలి. అక్క వేరే జిల్లాలో ఉందన్న సంగతి, రేపు అతను అక్కడికి మారవచ్చునన్న సంగతి అర్జీలోనే చెప్పుకుంటే తరువాత తిరుగుడు తప్పుతుంది. సోమవారం ప్రజావాణిలో ఇవ్వవచ్చు, లేదా జిల్లా సంక్షేమాధికారి కార్యాలయంలో విచారించవచ్చు. వైకల్య సర్టిఫికెట్ లేనిదే ఏదీ కదలదు. దేశమంతటికీ ఒక్కటిగా వచ్చిన యూడీఐడీ కార్డు ముందు చేయించుకోవాలి. ఇంతవరకు చేయించని ఇళ్లు కూడా ఉన్నాయి. పెళ్లి కావలసిన చెల్లెలు ఉందనో, నలుగురికీ తెలుస్తుందనో.

భూమి రాసిచ్చే ముందు

మన వైపు పెద్దలు చేసే ఏర్పాటు ఒకటే. భూమంతా ఒక కొడుకు పేరిట రాసి “అన్నను నువ్వే సూసుకోవాలె” అని నలుగురి ముందు చేతిలో చెయ్యి వేయించుకోవడం. చాలామంది తమ్ముళ్లు ఆ మాట నిలబెట్టుకున్నారు. వాళ్ల ఎడల ఈ విలేకరికి గౌరవమే. కాని ఆ తమ్ముడు గల్ఫులో పోతే? అప్పుల పాలై భూమి అమ్మితే? కొన్నవాడికి అన్న బువ్వతో సంబంధం లేదు.

కాబట్టి దస్తావేజులోనే రాసుకోవాలి. పంపకం కాగితంలో గానీ వీలునామాలో గానీ ‘ఈ భూమి ఆదాయం నుంచి ఫలానా మనిషికి జీవితాంతం పోషణ జరగాలి, ఆ పోషణకు ఈ భూమే పూచీ’ అని రాసి రిజిస్టరు చేయిస్తే ఆ భారం భూమి మీదనే ఉంటుంది. కొనేవాడు కూడా ఆ కాగితం చూసే కొంటాడు. దానపత్రానికి, వీలునామాకు ఉన్న తేడా కూడా తెలియాలి. దానపత్రం రిజిస్టరయితే ఆనాడే ఆస్తి చేతులు మారుతుంది, మళ్లీ వెనక్కి తీసుకోవడం కష్టం. వీలునామా రాసినవాళ్లు పోయిన తరువాతే అమలవుతుంది. ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు. మనిషి బుద్ధి మారుతుందన్న భయం ఉన్నచోట వీలునామాయే నయం.

పింఛను సంగతి. ‘ఆసరా’ కింద వికలాంగులకు 2014 నవంబరులో నెలకు 1,500 రూపాయలతో మొదలైంది. 2019లో 3,016 అయింది, 2023 జులైలో 4,016 అయింది. ఒక మనిషి తిండికి, గోళీలకు ఈ సొమ్ము పనికి వస్తుంది. అయితే ఒక మాట నిష్ఠూరంగానైనా చెప్పాలి. తల్లి పోయాక పింఛను వచ్చే మనిషిని ఉంచుకుంటామని ఒకరిద్దరు ముందుకు వస్తారు. ఆ డబ్బు అతనికే ఖర్చయిందా అని అడిగేవాళ్లు ఉండరు. గార్డియన్ ఏటా చూపవలసిన లెక్క అందుకే అవసరం.

బీడీ కార్మికులకు తెలియని మరో పింఛను ఉంది. కార్ఖానాలో పి.ఎఫ్. ఉన్న కార్మికురాలు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో సభ్యురాలై ఉంటే, ఆమె పోయిన తరువాత పిల్లలకు పింఛను వస్తుంది. మామూలు పిల్లలకు 25 ఏళ్లకే ఆగిపోతుంది. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న కొడుకుకు గానీ బిడ్డకు గానీ వయసుతో నిమిత్తం లేకుండా బతికినన్నాళ్లు వస్తుంది. తల్లీదండ్రీ ఇద్దరూ లేని పిల్లలకు నెలకు కనీసం 750 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. పెద్ద మొత్తమేమీ కాదు. కాని నలభై ఏళ్లు చాట ముందు నడుము వంచిన తల్లి కూడబెట్టిన హక్కు అది. ఇందుకు పి.ఎఫ్. కాగితాల్లో కుటుంబ సభ్యుల జాబితాలో ఆ కొడుకు పేరు, వైకల్యం సంగతి ముందే నమోదై ఉండాలి. తల్లి పోయాక 10-డి ఫారం పెట్టేవాళ్లు కావాలి. కోరుట్లలో ఈ తల్లి తన పి.ఎఫ్. కాగితం ట్రంకుపెట్టెలోంచి తీసి చూపించింది. నామినీగా భర్త పేరే ఉంది. ఆయన పోయి నాలుగేళ్లు. ఇట్లాంటి ట్రంకుపెట్టెలు ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఉంటాయో. సర్కారు నౌకరి చేసినవారి కుటుంబ పింఛనులోనూ ఇట్లాంటి వీలుంది.

ఎర్ర గోళీ, తెల్ల గోళీ

కాగితాలు ఎన్ని ఉన్నా తల్లి తలలో ఉన్నది ఎక్కడా రాసిలేదు. ఈ కొడుకుకు ఫిట్స్ ఉన్నాయి. బుద్ధిమాంద్యం ఉన్నవారిలో దాదాపు అయిదుగురిలో ఒకరికి మూర్ఛ ఉంటుందని వైద్యులు చెబుతారు. పొద్దున ఒక గోళీ, రాత్రి రెండు. తల్లికి పేర్లు తెలియవు, రంగు తెలుసు. జగిత్యాలలో ఏ డాక్టరు రాశాడో ఆమెకు తెలుసు, చిట్టీ మాత్రం ఎప్పుడో చినిగిపోయింది. ఆమె ఒక్కసారిగా పడిపోతే ఆ గోళీ ఇచ్చేవాళ్లు లేరు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే మూర్ఛలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. తల్లి చచ్చిన ఇంట్లో మూడో రోజు ఎవరికి గుర్తుంటుంది?

వీరికి ముసలితనం తొందరగా వస్తుందన్నది కూడా తెలియాలి. ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నలభై దాటితే చూపు మందగించడం, చెవుడు, థైరాయిడ్ కనిపిస్తాయి. మతిమరుపు జబ్బు కూడా నలభైలలో, యాభైలలోనే మొదలు కావచ్చు. ఆ జబ్బుకు సంబంధించిన ఒక పదార్థం తయారయ్యేది 21వ క్రోమోజోము వల్ల. వీరికి ఆ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉంటుంది. నిన్నటిదాకా తన లుంగీ తాను కట్టుకున్నవాడు ఇవాళ కట్టుకోలేకపోతే ‘మొండికేసిండు’ అని కొట్టేవాళ్లు ఉన్నారు. అది మొండితనం కాకపోవచ్చు, దవాఖానకు తీసుకుపోవాలి. నొప్పి ఎక్కడుందో నోటితో చెప్పలేనివాడు అన్నం మానేసి చెబుతాడు, తల గోడకు కొట్టుకుని చెబుతాడు. పన్ను పోటుకు కూడా అట్లాగే చేస్తాడు.

కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరైనా ఒక నోటుబుక్కు పట్టుకుని తల్లి చెబుతుంటే రాసిపెట్టాలి. గోళీల పేరు, వేళ, డాక్టరు. ఏం తింటాడు, ఏం తినడు. దేనికి భయపడతాడు. నీళ్లు వేడిగా ఉండాలా, చల్లగానా. ఏ మాట చెబితే ఏడుపు ఆపుతాడు. దుబాయి తమ్ముడి కూతురు ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఈ విలేకరి అక్కడ ఉండగానే రాయడం మొదలుపెట్టింది. మూడు పేజీలు నిండాయి. నాలుగో పేజీలో “పెద్దబాపుకు ఉరుమంటే భయం, అప్పుడు రేడియో పెట్టాలి” అని రాసింది. తల్లి చెప్పింది కాదు అది, పిల్లకే తెలుసు. వైద్యానికి నేషనల్ ట్రస్టు కింద ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా. అది కూడా ఆ నోటుబుక్కులో రాసుకుంటే మంచిదని చెప్పి వచ్చాం.

‘నన్ను ఎవలు అడిగిన్రు?’

ఇంతా చేసి ఈ భారం ఎవరి మీద పడుతుంది? ఈ మాట మగవాళ్లు కూర్చున్న చోట అడిగితే “ఇంట్ల కోడలున్నది గదా” అంటారు. తల్లి మాత్రం కోడలి మీద నమ్మకం లేక కుమిలిపోతున్నది. “పరాయి పిల్ల, దాని బాధలు దానికున్నయి” అంటున్నది. సరే, కోడలినే అడుగుదామని అడిగితే ఆమె గడపలో నిలబడి ఒక్క మాట అన్నది. “నేను సూడనని ఎన్నడన్న అన్ననా అన్నా? అసలు నన్ను ఎవలు అడిగిన్రు?”

పదకొండేళ్లుగా ఒకే వాకిట్లో ఉంటున్న అత్తాకోడళ్లు ఈ సంగతి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఒకరికి అడగడానికి భయం, ఒకరికి తానుగా అనడానికి సంకోచం. మాట్లాడుకుంటే తేలింది ఏమంటే, కోడలు బువ్వ పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది. స్నానం చేయించడం మాత్రం తన వల్ల కాదు, బావ వరుస. న్యాయమైన మాట. దానికి మగమనిషి కావాలి. వాడకట్టులో పాలివాళ్ల కుర్రవాడు ఒకడు ఉన్నాడు, నెలకు ఇంత అని ఇస్తే వచ్చి పోతాడు. ఆ డబ్బు దుబాయి నుంచి తమ్ముడు పంపాలి. ఫోనులో అడిగారు, పంపుతానన్నాడు. ఒక మనిషి భారాన్ని నలుగురు పంచుకోవడం అంటే ఇట్లా ముక్కలు ముక్కలుగానే. బువ్వ ఒకరు, స్నానం ఒకరు, డబ్బు ఒకరు, లెక్క అడిగేది ఒకరు. అంతా ఒక్క కోడలి నెత్తిన పెట్టి, రేపు సరిగా చూడలేదని ఆమెనే ఆడిపోసుకోవడం మనకు అలవాటైంది.

అతను కూడా కొంత నేర్చుకోగలడు. నలభై దాటాక ఏం నేర్చుకుంటాడన్నది పొరపాటు. నెమ్మదిగా, ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, రోజూ ఒకే వేళకు చేయిస్తే వస్తుంది. సికింద్రాబాదు బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఇందుకోసమే 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. పరీక్షలు చేస్తారు, ఇంట్లో ఎట్లా నేర్పాలో తల్లిదండ్రులకు చూపిస్తారు. తన నీళ్లు తాను పోసుకోవడం వస్తే పై కుర్రవాడి అవసరమే తప్పుతుంది.

కొండగట్టు నుంచి బెల్జియం దాకా

సర్కారు చేయవలసింది చేయడం లేదన్నది మరో పక్క. బడి ఈడు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తరువాత నలభై ఏళ్లు అరుగే గతి. జీవితాంతం ఉండటానికి ‘ఘరౌందా’ అనే వసతి గృహాల పథకం నేషనల్ ట్రస్టులో ఉంది. అది నడపాలంటే నమోదైన సంస్థ ముందుకు రావాలి. ఊరికి దూరంగా పెద్ద హాస్టలు కట్టి అందరినీ అందులో వేయడం ఈ విలేకరికి ఇష్టం లేదు. కోరుట్లలోనో సిరిసిల్లలోనో పగటిపూట కేంద్రం ఉంటే చాలు. పొద్దున బస్సెక్కి పోయి, కండెలు చుట్టో కట్టలు కట్టో నాలుగు పైసలు తెచ్చుకుని, సాయంత్రం ఇంటికి రావాలి. ఇంట్లోవాళ్లకు పగలు చేతులు ఖాళీ అవుతాయి.

పరాయివాళ్లు చూస్తారా అనే ప్రశ్నకు మన కొండగట్టునే తలచుకోవచ్చు. మతిస్థిమితం తప్పినవారిని తీసుకువచ్చి అంజన్న సన్నిధిలో నలభై రోజులు ఉంచే ఆచారం అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ఇట్లాంటి మొక్కు స్థలమే బెల్జియం దేశంలో ఒకటుంది, గీల్ అనే ఊరు. 13వ శతాబ్దం నాటికే అక్కడి గుడికి మతి తప్పినవారిని, బుద్ధిమాంద్యం గలవారిని తీసుకువచ్చేవారు. గుడిలో చోటు చాలక ఊళ్లో రైతుల ఇళ్లల్లో దింపారు. వచ్చినవాళ్లలో చాలామంది ఆ ఇళ్లల్లోనే ఉండిపోయారు, పొలం పని చేశారు, ఇంటి మనుషులయ్యారు. 1930ల చివర ఆ ఒక్క ఊళ్లో సుమారు 3,700 మంది అట్లా ఉండేవారు. ఇప్పుడు సంఖ్య బాగా తగ్గినా ఆచారం పోలేదు. ఉంచుకున్న ఇంటికి ప్రభుత్వం ఖర్చు ఇస్తుంది, నర్సు వచ్చి చూసిపోతుంది. రైతుల మంచితనం ఒక్కటే అయితే ఏడు వందల ఏళ్లు నిలిచేది కాదేమో. వెనుక ఒక ఏర్పాటు నిలబడింది.

మన వాళ్లకు మంచితనం లేదని ఎవరూ అనలేరు. అడగడానికి నలుగురు కలవాలి. దేశంలో ఇట్లాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘాలు 1995లోనే ‘పరివార్’ పేరుతో ఒక్కటయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో బుద్ధిమాంద్యం గలవారు దేశం మొత్తం మీద 15 లక్షల మంది అని తేలింది. దాచిపెట్టిన ఇళ్లు ఇందులో లేవు. బీడీ కార్మికులకు, సాంచెల కార్మికులకు, గల్ఫ్ బాధితులకు సంఘాలు పెట్టుకున్న గడ్డ ఇది. ఈ తల్లులకు మాత్రం ఒక సంఘం కనిపించదు.

కోరుట్ల పల్లెలోని ఆ ఇంట్లో ఈ నెల ఒక కొత్త పని మొదలైంది. నెలకు రెండు రాత్రులు కొడుకు సిరిసిల్లలో అక్క ఇంట్లో పడుకోవాలని నిర్ణయించారు. తల్లి ఉండగానే అలవాటు కావాలని. మొదటిసారి తెల్లవార్లూ నిద్రపోలేదు, సాంచెల చప్పుడుకు బెదిరాడు, పొద్దున్నే తీసుకువచ్చి వదిలారు. ఇక వద్దని తల్లి అన్నది. అక్క ఒప్పుకోలేదు, మళ్లీ వచ్చింది. “వాడు ఆ ఇత్తడి గిన్నెల తప్ప తినడు, మొన్న మర్సిపోయిన” అని తల్లి సంచిలో గిన్నె పెట్టింది. గోళీల నోటుబుక్కు పెట్టింది. చిన్న రేడియో కూడా పెట్టింది. బస్సు స్టేజీ దాకా తానే నడిచి వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది.